మూత బిగించిన పైపులు

నైరీ కాఫ్లన్ గొంతు వింటే ఇప్పటికీ నిటారుగా సర్దుకుని కూర్చునేవాళ్లు మా తీరంలో చాలామంది ఉన్నారు. నేనూ అందులో ఒకణ్ణి. మేమంతా ఆమె తోలిన బడి బస్సులో పెరిగాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ, మధ్యన ఒక్కటే రోడ్డు. వాన కురిసినా, కొండచరియ జారినా ఆమె మమ్మల్ని వెస్ట్‌పోర్ట్‌లో బడికి చేర్చి, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపేది. బస్సులో కొట్లాట మొదలైతే వెనక్కి తిరిగేది కాదు. అద్దంలోకి చూసి "కూర్చో" అనేది. ఎవరిని అందో చెప్పక్కర్లేదు, అందరం కూర్చునేవాళ్లం. మనిషి పొట్టి, ఎముకలపోగు. ఆ గొంతు ఎక్కడ దాచుకునేదో తెలిసేది కాదు.

ఆమె భర్త డెస్ బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, చనిపోయాడు. పిల్లలు లేరు. మా ఊరు గ్రానిటీలో, రైలు పట్టాలకి ఇవతల, రేకుల కప్పున్న చెక్క ఇంట్లో ఆమె ఒక్కతే ఉండేది. ఒక్కతే అన్నమాటే గానీ డెస్ వాళ్ల అన్నయ్య క్లెమ్ దాదాపు రోజూ వచ్చిపోతుండేవాడు. క్లెమ్ కూడా గనిమనిషే. చేతిలో ఏదో ఒక పనిముట్టు లేకపోతే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసేది కాదు. మా తీరానికి ప్లంబర్ రావాలంటే వెస్ట్‌పోర్ట్ నుంచి రావాలి, అతను ఒప్పుకున్న రోజుకి వస్తాడన్న నమ్మకం లేదు. క్లెమ్ అయితే పిలిచిన పూటే వస్తాడు, పని చేసి, ఒక బీరు తాగి, ఇంకొకటి జేబులో పెట్టుకుని పోతాడు. కాబట్టి కుళాయి కారినా, పైపు పగిలినా అందరూ క్లెమ్‌నే పిలిచేవారు. అతని మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అనుమానించాల్సిన అవసరమూ రాలేదు.

నైరీ వంటింట్లో గోడ పొడవునా ఇనప బొగ్గుపొయ్యి ఉంది. గనివాళ్ల పాత ఇళ్లలో అన్నిటా ఉండేదే. పైన వంట, పక్కన రొట్టె కాల్చే అర, నిప్పుగూడు వెనక గోడకు ఆనుకుని ఒక ఇనప నీటిపెట్టె. ఆ పెట్టెలో కాగిన నీళ్లు ఒక రాగి పైపు గుండా పక్క అలమరలోని పెద్ద డ్రమ్ముకి ఎక్కేవి. డ్రమ్ములోని చన్నీళ్లు ఇంకో పైపు గుండా పెట్టెలోకి దిగేవి. గనివాళ్లు బొగ్గు ఇంటి ముందు ఊరికే కుప్పపోసి వెళ్లే రోజుల్లో స్నానాలకీ, గిన్నెలకీ ఆ నీళ్లే. డెస్ పోయిన మరుసటి ఏడు డ్రమ్ము అడుగు తుప్పుపట్టి చిల్లుపడింది. బయట గోడకి గ్యాస్ గీజరు, లోపల కరెంటు పొయ్యి వచ్చాయి. క్లెమ్ వచ్చి డ్రమ్ము పీకేసి, పైపులు అలమరలోనే కోసేసి, "ఇంక ఇది చచ్చిన పొయ్యి, నైరీ. దీని మీద పూలు పెట్టుకో" అన్నాడు. ఆమె నిజంగానే పూలకుండీలు పెట్టుకుంది.

పైపుల మొండి ముక్కలు మాత్రం అలమరలో మిగిలిపోయాయి. గోడలోంచి రెండూ మోచేతి పొడవున ముందుకు పొడుచుకు వచ్చి ఉండేవి. వేడి పోకుండా పాతకాలంలో చుట్టిన తెల్లటి పట్టీ వాటి మీద ఇంకా ఉంది, వదులై కొసల మీదికి కూడా వేలాడుతోంది, తాకితే పిండిలా రాలేది. అలమరలో జామ్ సీసాలకి అరలు వేయించుకోవాలని నైరీ కోరిక. వంగినప్పుడల్లా పై పైపు తలకి తగిలేది.

"ఇవెప్పుడు తీస్తావ్, క్లెమ్?" అనేది.

"అవి నిన్ను ఏమన్నాయి? నీళ్లు లేవు, నిప్పు లేదు. చచ్చిన పైపులు."

"నా నెత్తి మాత్రం ఇంకా బతికే ఉంది."

"సరే, సరే. చలికాలం అయ్యాక."

అలా రెండు మూడు చలికాలాలు అయిపోయాయి.

ఆ ఏడు వేసవి పోయింది మొదలు వానలు ఆగలేదు. ఇంట్లో బట్టలు ఆరేవి కావు, గోడల మూలల్లో నల్లటి బూజు. ఒకరోజు పొద్దున నైరీకి పొయ్యి గుర్తొచ్చింది. కాస్త వెలిగిస్తే పొగగొట్టం ఎండుతుంది, వంటిల్లు పొడిబారుతుంది అనుకుంది. కుండీలు దింపి, నిప్పుగూట్లో పాత పేపర్లు, చిదుగులు వేసి అంటించింది. మంట బాగానే లేచింది. ఆమె టీ కలుపుకుంటుంటే గోడలోంచి 'టక్' మని వినిపించింది. ఎవరో వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు. వీధి తలుపు తీసి చూసింది, ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి మళ్లీ 'టక్'. ఈసారి అలమరలోంచి. చిదుగులు అప్పటికే ఆరిపోవచ్చాయి. ఆ చప్పుడు ఇంకో రెండుసార్లు వచ్చి ఆగింది. ఆమెకి టీ తాగబుద్ధి కాలేదు.

సాయంత్రం క్లెమ్ వస్తే చెప్పింది. అతను నవ్వాడు.

"ఇనుము వేడెక్కితే ఒళ్లు విరుచుకుంటుంది. నీకూ నాకూ మోకాళ్లు టక్కుమనడం లేదూ?"

"ఇది విరుచుకున్నట్టు లేదు. లోపల ఏదో ఉన్నట్టుంది."

"డెస్ దయ్యమై ఉంటాడు. బీరు కావాలేమో అడుగు."

ఆమె నవ్వలేదు. అతను వెళ్లాక వెస్ట్‌పోర్ట్‌లో ప్లంబర్ టీపెనెకి ఫోన్ చేసింది. టీపెనె ఒకప్పుడు ఆమె బస్సులో వెనక సీటు అల్లరివాడు. ఇప్పుడు నడుము నొప్పితో కుంటే పెద్దమనిషి.

"రెండు పాత పైపులు తీసెయ్యాలి. ఎప్పుడొస్తావ్?" అని అడిగింది.

"వచ్చే వారం కాక ఆపై వారం. కోసిన కొసలు తెరిచున్నాయా, మూసున్నాయా?"

"తెలీదు. ఏదో తెల్లటి పట్టీ చుట్టి ఉంది, పిండిలా రాలుతోంది."

"దాన్ని ముట్టుకోకండి. గీకొద్దు, ఊడవొద్దు. అది ఆస్బెస్టాస్ అయ్యుంటుంది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. అలమర తలుపు వేసెయ్యండి. ఇంకో మాట. ఆ పొయ్యి వెలిగించకండి."

"క్లెమ్ పర్లేదంటున్నాడు."

"క్లెమ్ మంచోడే. మీరు మాత్రం వెలిగించకండి."

"ఎందుకో చెప్పు, అబ్బాయ్."

"ఆ ఇనప పెట్టెలో నీళ్లు మిగిలి ఉండి, రెండు కొసలూ మూసేసి ఉన్నాయనుకోండి. నీళ్లు కాగితే ఆవిరి ఎటు పోతుంది? పోయే దారుండదు. అప్పుడది పొయ్యి కాదు నైరీ, బాంబు."

ఆమె ఫోన్ పెట్టేసి అలమర తలుపు వేసింది. కుండీలు మళ్లీ పొయ్యి మీద పెట్టింది. క్లెమ్‌కి మాత్రం చెప్పలేదు. డెస్ జబ్బుపడ్డప్పుడు రాత్రులు కూర్చున్నవాడు, ఇంటి కప్పుకి మేకులు కొట్టినవాడు, అడక్కుండానే కట్టెలు చీల్చి పెట్టేవాడు. అతని పని తప్పేమోనని వేరేవాణ్ణి పిలిచానని ఎలా చెప్పడం? ఎలాగూ టీపెనె వస్తాడు, పైపులు పోతాయి, తర్వాత మెల్లగా చెబుదాంలే అనుకుంది. కానీ ఆ రోజుల్లో ఆమె వంటింట్లో ఎక్కువసేపు ఉండలేకపోయేది. పొయ్యికి వీపు పెట్టి కూర్చునేది కాదు.

టీపెనె రావలసిన వారానికి ముందే తుపాను వచ్చింది. సముద్రం రోడ్డు మీదికి ఎక్కింది. కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగాయి. దక్షిణాన కొండ జారి వెస్ట్‌పోర్ట్ దారి మూసుకుపోయింది. ఫోన్ల టవరు కూడా పోయింది. క్లెమ్ ఇంటి కప్పు సగం లేచిపోతే, అతనూ భార్య డల్సీ రెండు దుప్పట్లు, ఒక పిల్లి పట్టుకుని నైరీ ఇంటికి వచ్చేశారు. ఆమె వాళ్లకి ముందు గది ఇచ్చింది.

తెల్లారాక గాలి తగ్గింది గానీ చలి కొరికేస్తోంది. నైరీ మా ఊరి హాలుకి వచ్చింది. ఊళ్లో గ్యాస్ ఉన్నవాళ్లం అక్కడ సూపు కాచి ముసలివాళ్లకి పంచుతున్నాం. ఆమె మధ్యాహ్నం దాకా గిన్నెలు మోసి, ఇంటికి బయల్దేరింది. వీధి మలుపు తిరగ్గానే తన ఇంటి పొగగొట్టంలోంచి దట్టంగా పసుపుపచ్చటి బొగ్గుపొగ లేస్తూ కనిపించింది.

"నా కాళ్లు ఆగిపోయాయి" అని ఆమె తర్వాత నాతో చెప్పింది. "ఒక్క క్షణం ఇంట్లోకి వెళ్లకూడదనిపించింది. పారిపోదామనిపించింది. అప్పుడు డల్సీ గుర్తొచ్చింది."

వంటిల్లు వెచ్చగా ఉంది. కుండీలు నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. డల్సీ రొట్టె అర తలుపు తెరిచి దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. క్లెమ్ పెనం మీద సాసేజీలు తిప్పుతున్నాడు.

"రా, రా. నీ చచ్చిన పొయ్యిని బతికించాను చూడు!"

టక్. టక్. టక్. చప్పుడు ఆగడం లేదు. దాని అడుగున సన్నగా ఇంకో శబ్దం, మరిగే ముందు కెటిల్ వేసే కూతలా. డల్సీ పిల్లి ఎప్పుడో ముందు గదిలో మంచం కిందికి పోయింది.

"క్లెమ్, అలమరలో పైపుల కొసలు ఏం చేశావ్?"

"ఏ పైపులు?"

"కోసినవి. తెరిచి వదిలావా, మూశావా?"

"మూశాను. చుక్కలు కారుతుంటే వదిలేస్తానా? ఇత్తడి మూతలు, రెంచితో బిగించాను. నేను బిగించింది ఎప్పుడైనా కారిందా?"

"రెండూనా?"

"రెండూ."

"పెట్టెలో నీళ్లు తీసేశావా?"

క్లెమ్ నోరు తెరిచాడు. సాసేజీ తిప్పే గరిటె గాల్లోనే ఉండిపోయింది. "తీశాననుకుంటా" అన్నాడు.

"అనుకుంటావా, తీశావా?"

అతని మొహంలో రంగు పోవడం ఆమె చూసింది.

"డల్సీ, లే. చెప్పులు వద్దు, ఏమీ వద్దు. బయటికి నడు. క్లెమ్, నువ్వూ రా."

"నిప్పు వేసింది నేను" అని క్లెమ్ బొగ్గు పార అందుకున్నాడు. "మీరు పొండి."

"క్లెమ్, బయటికి రా!"

"పొమ్మన్నానా!"

నైరీ డల్సీ చెయ్యి పట్టుకుని పెరట్లో కట్టెల షెడ్డు వెనక్కి లాక్కుపోయింది. అక్కడ నించుంటే వంటింటి తలుపు కనిపిస్తుంది. ఆ తలుపులోంచి మండుతున్న బొగ్గులు పార పార చొప్పున తడిగడ్డి మీద పడసాగాయి. పడ్డచోటల్లా బుస్సున ఆవిరి. ప్రతి పారకీ మధ్యన క్లెమ్ లోపలికి మాయమయ్యేవాడు, ఆ కాసేపు డల్సీ గోళ్లు నైరీ మణికట్టులోకి దిగేవి. చివరికి అతను బయటికొచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. పార ఇంకా చేతిలోనే ఉంది. ముగ్గురూ వానలో అక్కడే నించున్నారు. టక్కు టక్కుమనే చప్పుడు గోడ అవతల చాలాసేపు వినిపించింది. క్రమంగా దాని మధ్య ఖాళీ పెరిగింది. చివరికి వాన చప్పుడొక్కటే మిగిలింది.

క్లెమ్ నవ్వబోయాడు. "చూశావా, మనం ఊరికే..."

డల్సీ అతని మాట పూర్తి కానివ్వలేదు. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నా మాట స్పష్టంగానే ఉంది.

"ఇలా ఇంకెవరింట్లో మూశావ్?"

అతను పార కింద పెట్టాడు. నైరీ ఊరి వైపు చూసింది. ఊరంతా కరెంటు లేదు. ఊరంతా చలి. పాత పొయ్యిలున్న ప్రతివాళ్లకీ ఈ రోజే అది గుర్తొస్తుంది.

"ఆసీ బ్రాకెన్ ఇంట్లో" అన్నాడు క్లెమ్ నెమ్మదిగా. "హెక్టర్లో థెల్మా గర్నీ ఇంట్లో."

"థెల్మా పోయింది కదా. ఇల్లు అమ్మేశారు."

"అమ్మేశారు. కొన్నవాళ్లు ఎవరో నాకు తెలీదు."

డల్సీని పక్కింట్లో దింపి, నైరీ తన పాత వ్యాను తీసింది. ఫోన్లు లేవు కాబట్టి వెళ్లడం తప్ప దారి లేదు. రోడ్డు మీద ఇసుక, విరిగిన కొమ్మలు, కొట్టుకొచ్చిన దుంగలు. ఆమె బస్సు తోలినట్టే నెమ్మదిగా, పక్కలకి చూడకుండా తోలింది. క్లెమ్ మాత్రం ప్రతి ఇంటి పొగగొట్టాన్నీ చూస్తున్నాడు.

ఆసీ బ్రాకెన్ ఇల్లు ముందు వస్తుంది. పొగ లేదు. తొంభైకి దగ్గరపడ్డ ఆసీ వరండాలో కూర్చుని, సాయంత్రం పొయ్యి వెలిగించడానికి చిదుగులు చీలుస్తున్నాడు. సంగతి చెబితే గొడ్డలి ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"అంటే నా పొయ్యి పేలుతుందా?"

"పేలొచ్చు" అన్నాడు క్లెమ్.

"నువ్వు చేసిన పనికి?"

"నేను చేసిన పనికే."

"గనిలో నా పక్కన నిలబడి ముప్ఫై ఏళ్లు నన్ను చంపలేకపోయావ్. ఇంటికొచ్చి ప్రయత్నించావన్న మాట" అన్నాడు ఆసీ. మాట వేళాకోళమే గానీ, చీల్చిన చిదుగులన్నీ కాలితో వరండా కిందికి తోసేశాడు. నైరీ అతనికి తన కోటు కప్పి, హాలుకి తీసుకెళ్లమని పక్కింటివాళ్లకి చెప్పి, మళ్లీ వ్యాను ఎక్కింది.

హెక్టర్ మా పక్క ఊరే, అక్కడ థెల్మా గర్నీ ఇల్లు సముద్రం వైపు చివరిది. దూరం నుంచే పొగ కనిపించింది. తెల్లగా, నిలకడగా, నిండుగా. చాలాసేపటి నుంచి బాగా మండుతున్న పొయ్యి పొగ అది.

"తొందరగా" అన్నాడు క్లెమ్. ఆమె అప్పటికే తొందరగానే తోలుతోంది.

గేటు దగ్గర వ్యాను ఆగేసరికి వరండాలో ఒక పడుచు మనిషి చేతినిండా కట్టెలు పట్టుకుని నించుని ఉంది. తర్వాత పేరు ఈలా అని తెలిసింది. క్రైస్ట్‌చర్చ్ నగరం నుంచి వచ్చిన కొత్తవాళ్లు. ఆ పాత పొయ్యిని నెలల తరబడి తోమి, నలుపు పూసి, మెరిసేలా చేసుకున్నారు. ఎప్పుడు వెలిగిద్దామా అని ఎదురుచూస్తున్నారట.

"టీ తాగుతారా? మా పొయ్యి అద్భుతంగా మండుతోంది" అంది ఆమె, తుపాను బాధితులేమో అనుకుని.

"కట్టెలు పడేసి ఇటు రా" అంది నైరీ. "లోపల ఎవరున్నారు?"

"మా ఆయన రూబెన్. ఏమైంది?"

తలుపు తెరిచే ఉంది. లోపల పొడుగ్గా ఒకతను పొయ్యి మీద గిన్నెలో ఏదో కలుపుతున్నాడు. ఆ ఇంట్లోంచి వస్తున్న శబ్దం టక్కుటక్కు దాటిపోయింది. అది ఒకే ఒక్క తీగలాంటి కూత, ఎక్కుతూ పోతోంది. క్లెమ్ ముందుకి దూకాడు. నైరీ అతని కోటు కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"వదులు, నిప్పు తీసేస్తా..."

"ఈసారి కాదు."

అని, అతన్ని వదలకుండానే, తలుపు వైపు తిరిగి ఆ గొంతు తీసింది. మా అందరికీ తెలిసిన గొంతు. "రూబెన్! బయటికి. ఇప్పుడే!"

తను ఎందుకు కదిలాడో ఈ రోజుకీ తెలియదంటాడు రూబెన్. ఎవరో ముసలావిడ, ఎప్పుడూ చూడలేదు, కారణం చెప్పలేదు. గరిటె చేతిలోనే ఉండగా, బడిపిల్లాడిలా, నడిచి బయటికొచ్చేశాడు. వరండా మెట్లు దిగాడు. సగం దారిలో "ఏంటండీ సంగతి?" అని అడగబోయాడు.

పేలుడు శబ్దం గ్రానిటీలో హాలు దాకా వినిపించింది. మేం కొండ జారిందనుకున్నాం. వంటింటి గోడ బయటికి ఉబ్బి చీలిపోవడం నైరీ చూసింది. శబ్దం ఆ తర్వాత వచ్చినట్టు అనిపించిందట. కిటికీ చట్రంతో సహా కంచె దాటి పోయింది. పొయ్యి ముందు తలుపు, మనిషి ఎత్తలేని ఇనుము, వరండా స్తంభాన్ని విరగ్గొట్టుకుని గడ్డిలో దిగబడింది. రూబెన్ మొహం మీద బోర్లాపడ్డాడు. లేచి నించోబోతే ఎడమ కాలు లేవలేదు. పిక్కలో అరచేయంత ఇనప ముక్క. ఆ తర్వాత నిప్పులు ఎగిరి కప్పుకి అంటుకున్నాయి. వానకీ, పరిగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగువాళ్లకీ, మా ఊరి ఫైరింజన్‌కీ సగం ఇల్లు దక్కింది.

రూబెన్ కాలికి నైరీ తన స్కార్ఫు బిగించి కడుతుంటే, ఈలా అతని తల ఒళ్లో పెట్టుకుని క్లెమ్ వైపు చూసింది.

"మీరెవరు? మీకెలా తెలుసు?"

"ఆ పైపులకి మూతలు వేసింది నేనే" అన్నాడు క్లెమ్.

ఆమె "ఎందుకు?" అంది.

"చుక్కలు కారకుండా."

ఆమె తల తిప్పుకుని రూబెన్ మొహం మీది మసి తుడవసాగింది. అరిచినా, కొట్టినా బావుండేదని క్లెమ్ తర్వాత అన్నాడట.

రూబెన్‌ని హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. కాలు నిలిచింది గానీ కుంటి పోలేదు, ఎడమ చెవి సరిగా వినిపించదు. మా ఫైరింజన్ కుర్రాళ్లు ఆ సాయంత్రమే తీరం పొడుగునా ఇంటింటికీ తిరిగి పాత పొయ్యిలు ఆర్పించారు. పోలీసు వచ్చినప్పుడు క్లెమ్ ఒక్క మాట కూడా దాచలేదు. విచారణ జరిగింది. లైసెన్సు లేకుండా పనిచేసినందుకు శిక్ష పడింది, పెద్దది కాదు. అతనికి అది చాలలేదనిపించింది.

దారి తెరిచాక టీపెనె వచ్చాడు. క్లెమ్ చూస్తానన్నాడు. నైరీ వద్దనలేదు, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసింది. టీపెనె ముందు కరెంటు, నీళ్లు, గ్యాస్ మూడూ ఆపేయించాడు. అలమరలోకి లైటు వేసి చూసి "ఆహా" అన్నాడు. కింది పైపుకి ఒక పాత ఆకుపచ్చ తీగ బిగించి ఉంది. ఇంటి కరెంటుకి ఎర్తు తీగ.

"ఇది తెలీక పైపు కోస్తే ఎర్తు తెగుతుంది. ఆ తర్వాత ఎక్కడైనా షార్టయితే కుళాయి తిప్పిన మనిషి పోతాడు" అన్నాడు.

ఆ రోజుకి పని ఆపేశాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి నేలలో కొత్త ఎర్తు దింపి, పాత తీగ విప్పాకే మళ్లీ వచ్చాడు. అలమర చుట్టూ ప్లాస్టిక్ పరదా కట్టి, మొహానికి బిగుతు మాస్కు, ఒంటికి తెల్ల తొడుగు వేసుకుని లోపలికి దూరాడు. సబ్బునీళ్లు చల్లి ఆ తెల్ల పట్టీని బాగా నానబెట్టి, దుమ్ము లేవకుండా ముద్దలుగా తీసి, రెండేసి సంచుల్లో మూట కట్టాడు. అప్పుడుగానీ ఇత్తడి మూతలు బయటపడలేదు. క్లెమ్ కుర్చీలోంచి లేచి నించున్నాడు. మూతలు మెరుస్తున్నాయి, కొత్తవాటిలా.

టీపెనె పక్కకి ఒదిగి నించుని, పొడుగు రెంచితో పై మూతని రవ్వంత సడలించాడు. అందరూ బుస్సుమంటుందని చూశారు. బుస్సుమనలేదు. పైపు గాలిని లోపలికి పీల్చుకుంది. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినవాడు ఊపిరి తీసినట్టు, పొడుగ్గా.

"ఇదేంటి?" అంది నైరీ.

"ఆ రోజు ఆవిరి ఎక్కడో బయటికి దారి చేసుకుంది. చల్లారాక ఆ దారి బురదతో మూసుకుపోయి, లోపల గాలి లేని ఖాళీ మిగిలింది" అన్నాడు టీపెనె. "ఎక్కడో చూడాలి."

పైపులు కోసి తీసి, పొయ్యి ఇటుకలు విప్పి, నీటిపెట్టెని పెరట్లోకి మోసుకొచ్చారు. ఒక పక్క ఉబ్బి ఉంది. అతుకు వెంట వెంట్రుకవాసి పగులు, బెత్తెడు పొడవు. టీపెనె దాని మీద గోరుతో గీసి చూపించాడు. మోసుకొచ్చిన కుదుపుకి అందులోంచి బురద నీళ్లు కారడం మొదలైంది. క్లెమ్ వంగి ఆ పగులు మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయాడు. పనిమంతుడి వేలు. దానికి ఆ పగులు భాష తెలుసు.

"ఇంకొక్క పార నిప్పు లోపల ఉండి ఉంటే?" అని అడిగాడు.

టీపెనె ఇంకో వైపు తిరిగి రెంచీలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

క్లెమ్ ఆ సాయంత్రం టీ తాగుతూ, మాట మధ్యలో ఆగి, "ఇంకొకటుంది" అన్నాడు. "లోయలో. పైకి, నది పక్కన. నేనూ డెస్సూ కలిసి చేశాం. తలుపు నీలం రంగో ఆకుపచ్చో. పేరు గుర్తు రావడం లేదు."

"ఎప్పుడు?"

"అదీ గుర్తు రావడం లేదు. చేశామా, చేద్దామనుకుని మానేశామా అన్నది కూడా..."

అడుగుదామంటే డెస్ లేడు. క్లెమ్ ఆ తర్వాత ఏ పనిముట్టూ పట్టలేదు. కూర్చుని ఆ ఇల్లు గుర్తు తెచ్చుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. ఒకరోజు నీలం తలుపంటాడు, ఇంకోరోజు తలుపే కాదు, వెనక కోళ్ల గూడు గుర్తుందంటాడు. మరుసటి వేసవిలో గుండె ఆగి పోయాడు. పోయే ముందురోజు కూడా డల్సీతో నది గురించే మాట్లాడాడట.

నైరీ లోయలోకి వెళ్లడం మొదలుపెట్టింది. ఎండున్న రోజు చూసుకుని, వ్యానులో, ఒక్కో తలుపూ తట్టుకుంటూ. "మీ ఇంట్లో పాత బొగ్గుపొయ్యి ఉందా? చూడొచ్చా?" కొందరు టీ ఇచ్చారు, కొందరు పిచ్చిదనుకున్నారు. చాలా ఇళ్లలో పొయ్యిలు ఎప్పుడో పీకేశారు. రెండిళ్లలో పైపులు తెరిచే ఉన్నాయి. నది మలుపులో ఒక ఇంటికి మనుషులే లేరు. కప్పు కూలి, వంటింట్లోకి ఫెర్న్ మొక్కలు పెరిగాయి. పొయ్యి ఆకుల మధ్యన నల్లగా కూర్చుని ఉంది. దాని పైపులకి మూతలున్నాయి, ఇనపవి, ఇత్తడివి కావు. ఎవరు వేశారో తెలియదు. తలుపు ఊడి ఎక్కడో కుళ్లిపోయి ఉంటుంది, దాని రంగేమిటో చెప్పడానికి లేదు. అయినా ఆమె టీపెనెని తీసుకెళ్లి ఆ మూతలు విప్పించింది.

"ఇదేనంటావా?" అని నేనడిగాను.

"తెలీదు" అంది. "రేపు ఇంకొంచెం పైకి వెళ్లి చూస్తా."